ఇద్దరమూ బి టైపే

మా అక్క మల్సుక్ నలభై రెండేళ్ళు ఆలిచిప్పలు ఒలిచింది. ఇంకేం చేసింది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పెళ్ళి చేసుకుంది. మూడేళ్ళకు మొగుడు పడవతో సహా మునిగిపోయాడు. పిల్లలు లేరు. మా ఊరు తొంగ్యొంగ్ రేవు దాటి ఐదారుసార్లు బయటికి వెళ్ళి ఉంటుంది, అందులో ఒకటి తప్ప అన్నీ ఆసుపత్రికే. పోయిన ఏప్రిల్‌లో చనిపోయింది. మా ఆచారం ప్రకారం శవం పక్కన కూచున్న మూడు రోజులూ నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు నా మొహం చూసి గుండె నిబ్బరం గల మనిషి అనుకుని, సారా తాగి, వేడివేడి మాంసం పులుసుతో అన్నం తిని వెళ్ళిపోయారు. నిబ్బరమూ లేదు, మరొకటీ లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే బుగ్గ ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉండేది. వేసవి పోయింది, వానలు పోయాయి, అది మాత్రం అలాగే ఉంది.

నా పేరు పిల్నం. 'మగపిల్లాడు తప్పనిసరి' అని దాని అర్థం. నా తర్వాతైనా మగపిల్లాడు పుట్టాలని నాన్న నాకు అంటగట్టిన పేరు అది. పుట్టలేదు. అక్కా నేనూ మిగిలాం. అక్క మొగుణ్ణి సముద్రం మింగింది, నా మొగుడు సారా మింగి మింగి పోయాడు. ఆ తర్వాత ఇద్దరం కొండవాలు మీది రెండు గదుల ఇంట్లో చేరాం. పందొమ్మిదేళ్ళు ఒకే పొయ్యి, ఒకే దుప్పట్ల బీరువా.

ఆలిచిప్పలు విప్పి మాంసం తీసే షెడ్డులోనూ పక్కపక్కనే. అక్కది ఎడమచేతి వాటం, నాది కుడి. అది ఎడమవైపు, నేను కుడివైపు నిలబడితే మోచేతులు తగలవు. చిప్ప పట్టుకునే చేతికి దళసరి రబ్బరు గ్లౌజు కావాలి, కత్తి చేతికి పల్చటి గుడ్డది చాలు. అక్కకు కుడి గ్లౌజు కావాలి, నాకు ఎడమది. అందుకని మా ఇద్దరికీ కలిపి ఒక్క జత సరిపోయేది. కొత్త జత తెస్తే అక్క దాన్ని విడదీసి నాది నా వైపు విసిరేది. షెడ్డులో మమ్మల్ని 'ఒక్క జత' అనేవాళ్ళు. పనిలో మాత్రం మేం జత కాదు. అక్క మూడు చిప్పలు విప్పేసరికి నేను ఒకటి విప్పేదాన్ని. కత్తిమొన చిప్ప అంచులో ఎక్కడ దూర్చాలో దాని వేళ్ళకే తెలుసు, కళ్ళతో పనిలేదు. నలభై రెండేళ్ళూ ఆ షెడ్డులో దాన్ని దాటిన మనిషి లేదు.

ఇక రక్తం సంగతి. మా దగ్గర పరిచయం కాగానే వయసు అడుగుతారు, కాస్త చనువు కుదిరాక రక్తం టైపు అడుగుతారు. ఎ టైపువాళ్ళు అతి జాగ్రత్త మనుషులు, ఓ టైపువాళ్ళు కలుపుగోలు, బి టైపంటే మొండిఘటాలు, ఎవరి మాటా వినరు. ఇది నమ్మని వాళ్ళు కూడా పెళ్ళిచూపుల్లో నమ్ముతారు. అక్కా నేనూ ఇద్దరమూ బి టైపే. మా బల్లకు అటువైపు నిలబడే గుమ్నె ఎ టైపు. నేను గ్లౌజు ఎక్కడో పారేసుకున్నా, అక్క యజమాని మీద కేకలేసినా గుమ్నె ఒకటే అనేది: "బి టైపు. ఇంకేం చెప్తాం!"

ఆరేళ్ళ కిందట నా మణికట్టుకు ఆపరేషన్ అయింది. చిప్పలు ఒలిచే ఆడవాళ్ళలో సగం మందికి అవుతుంది. ఇంటికొచ్చేటప్పుడు నొప్పికి కోడీన్ అనే మాత్రలిచ్చారు. ఒకటి మింగాను. గంట తిరక్కుండానే ఒళ్ళంతా దురద. ఆ తర్వాత కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. ఆ తర్వాత ఒకటిన్నర రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి అక్క జావ గిన్నె పట్టుకుని పక్కన కూచుని ఉంది.

"ఒక్క మాత్రకే ఇదా? కోడిపిల్లకి సారా పోసినట్టు పడిపోయావేంటే!" అంది.

"నొప్పి మాత్రం లేదక్కా."

"మనిషే లేకపోతే నొప్పెక్కడుంటుందీ? కోతిలాగా గోక్కున్నావ్ నిద్రలో. మన బి టైపోళ్ళకి ఘాటు మందులు పడవు, ఈ ముక్క గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. ఆ మాత్ర పెద్ద పులి అనీ, మా రక్తం దానికి తట్టుకోలేదనీ మా ఇంట్లో సిద్ధాంతం అయిపోయింది. ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవని మా అమ్మ రోజుకు రెండుసార్లు అనేది. ఆ మాట మాత్రం అప్పుడు గుర్తురాలేదు.

పోయిన ఏడాది శరదృతువులో అక్క నడుము పట్టేసింది. షెడ్డులో నడుం నొప్పి లేనిది ఎవరికి? అందరి నడుములకూ అట్టముక్కల్లా నొప్పి పట్టీలు అంటించే ఉంటాయి. అక్క రెండు పట్టీలు, తర్వాత నాలుగు అంటించుకుంది. అక్టోబరు చివర్లో బల్ల దగ్గర వంగినది లేవలేకపోయింది. జింజూ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రొమ్ములో గడ్డ, అది వెన్నెముక దాకా పాకింది. గడ్డ సంగతి అక్కకు ఏడాది ముందే తెలుసట. దాచింది. సీజను మధ్యలో ఎందుకులే అనుకుందట.

మమ్మల్ని చూసిన డాక్టరమ్మ పేరు సొక్. సియోల్ పిల్ల, ముప్పై దాటి ఉండవు. కోయడానికి లేదు, నొప్పి తగ్గిస్తూ పోవడమే అంది. ఇచ్చిన మాత్రలు అవే, కోడీన్. కవరు మీద ఎర్ర అక్షరాలతో మాదకద్రవ్యం అని ముద్ర ఉంది.

గుమ్నె ఆ కవరు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. మా బజార్లో తిన్నవాళ్ళు వదల్లేరని చిన్న కింబాప్ అన్నం చుట్టలకు 'మాదకద్రవ్యం కింబాప్' అని, సోయాలో ఊరేసిన గుడ్లకు 'మాదకద్రవ్యం గుడ్లు' అని బోర్డు పెట్టి అమ్ముతారు.

"మాదకం కింబాప్ తిన్నాం, మాదకం గుడ్లు తిన్నాం. ఇన్నాళ్ళకి అసలు సరుకు వచ్చిందే! మల్సుకక్కా, నాకో ముక్క పెట్టవా?"

"నీకెందుకూ, నువ్వు మామూలుగానే వాగుతావుగా," అంది అక్క.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ముద్ర చూశాక నాకు ఒకటే భయం, అక్క ఆ మందుకు మరుగుతుందేమోనని. మాత్రల సంచీ ఊరగాయలు పెట్టుకునే కిమ్చీ ఫ్రిజ్‌లో క్యాబేజీ డబ్బా కింద దాచాను. రోజూ పొద్దున్న ఆ రోజుకు మూడు మాత్రలు సోయా పులుసు పోసుకునే బుల్లి సాసరులో పెట్టి ఇచ్చేదాన్ని.

వారం కాకముందే అక్క అంది: "ఇది పనిచెయ్యట్లేదే పిల్నం."

"ఎలా చెయ్యదు?"

"ఏమో. పిండి ముద్ద మింగినట్టుంది."

"నిద్ర ముంచుకు రావట్లేదా?"

"ఊహూ."

"వాంతి? కడుపులో తిప్పడం?"

"లేదు."

"దురదైనా?"

"నీలాగా గోక్కుంటే గానీ నమ్మవా ఏంటి? ఇంకోటి ఇవ్వు."

ఇంకోటి ఇవ్వు అన్న మాటతో నా భయం కాస్తా అనుమానమైంది. నన్ను ఒక్క మాత్ర ఒకటిన్నర రోజు పడుకోబెట్టింది. దానికి రోజుకు మూడు, అయినా తూగు లేదు, వాంతి లేదు. ఒకే కడుపున పుట్టాం. రక్తం కూడా ఒకటే టైపు. నాకు పట్టింది దానికి పట్టదా? అయితే అది మింగడం లేదు, లేకపోతే అబద్ధం చెప్తోంది. ఇవి రెండే కారణాలు నా బుర్రకు తట్టాయి.

డిసెంబరు మొదట్లో దాని ఏప్రన్ ఉతుకుతుంటే జేబులో ఒక మాత్ర దొరికింది.

"ఏంటిది?" అన్నాను.

అక్క కిటికీ వైపు తిరిగింది.

"దాచి దాచి ఒక్కసారే మింగుదామనా? తేలిపోదామనా, పోదామనా?"

అది కిటికీలోంచి రేవు వైపు చూస్తూ కూచుంది. తన తప్పు లేనప్పుడు మా అక్క జవాబు చెప్పదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ సంగతి నాకు తెలిసి కూడా ఆ రోజు దాని మౌనాన్ని నేరం ఒప్పుకోవడం కింద జమకట్టాను. మర్నాటి నుంచి మూడు మాత్రలు రెండయ్యాయి. నా ఎదురుగా మింగాలి. మింగాక నోరు తెరవాలి. నాలుక ఎత్తాలి. డెబ్బై ఒక్కేళ్ళ మనిషిని, నాకంటే ఐదేళ్ళు పెద్దదాన్ని, నాకు అన్నం తినిపించిన దాన్ని "ఆ అను" అన్నాను. అది ఆ అంది. నోట్లో ఏమీ ఉండేది కాదు. నాకు తృప్తిగా ఉండేది.

నెలకోసారి జింజూ వెళ్ళేవాళ్ళం. డాక్టర్ సొక్ ఒక అట్ట చూపించేది. సున్నా నుంచి పది దాకా అంకెలు, వాటి కింద నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా బొమ్మలు.

"అమ్మా, ఇప్పుడు మీ నొప్పి ఎంత?"

"మూడు," అనేది అక్క. ప్రతిసారీ మూడే. బస్సులో గతుకు వచ్చినప్పుడల్లా నా తొడ మీద గోళ్ళు దిగేలా పట్టుకున్న మనిషి, అక్కడ చిరునవ్వుతో మూడు అనేది.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను గది బయట డాక్టర్‌ను ఆపాను. "అమ్మా డాక్టరుగారూ, మూడే అంటోంది కదా. ఇంట్లో మాత్రం ఇంకా ఇంకా కావాలంటోంది. అలవాటు పడుతోందేమోనని భయంగా ఉంది. పెంచకండి," అన్నాను. ఆవిడ తలూపి రాసుకుంది. మాత్రలు పనిచెయ్యడం లేదని అక్క రోజూ నాతో అంటున్న సంగతి మాత్రం చెప్పలేదు. అబద్ధాన్ని డాక్టర్ దాకా మోయడం ఎందుకనుకున్నాను. ఈ ఒక్క ముక్క రాయడానికే నేను ఇదంతా రాస్తున్నాను.

అప్పటిదాకా పంటి బిగువున పనికి వస్తూనే ఉన్న అక్క, జనవరి మూడో వారానికి షెడ్డు మానేసింది. వెచ్చటి నేల మీద పక్క వేస్తే దాని మీదే పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం, తిండి అయ్యాక నేను మాత్రలు తెచ్చాను. సాసరు తోసేసింది.

"నాకొద్దు. ఈ పిండి ఉంటే ఎంత, లేకపోతే ఎంత!"

నాకు ఒళ్ళు మండింది. తెల్లారుజాము నుంచి చిప్పలు ఒలిచి, దాని గుడ్డలుతికి, వంట చేసి ఉన్నాను.

"పిండా? సరే, నేను మింగుతా. తేలిపోతుంది."

"వద్దే! నీకు పడదు!"

"నాకు పడకపోతే నీకూ పడకూడదు. నీకేం కాకపోతే నాకూ ఏం కాదు. ఇద్దరమూ బి టైపే కదా!"

ఆ రోజువి రెండూ, ముందురోజు అది వద్దన్నది ఒకటీ, మూడూ నోట్లో వేసుకుని బార్లీ నీళ్ళతో మింగేశాను. మింగి దాని ముందు నోరు కూడా తెరిచి చూపించాను. దురద మొదలైన సంగతి గుర్తుంది. గిన్నెలు కడుగుదామని లేచి, మళ్ళీ కూచున్న సంగతి గుర్తుంది. ఆ తర్వాత చాలా దూరం నుంచి అక్క గొంతు.

"పీల్చు! ముప్పై రెండు. పీల్చు! ముప్పై మూడు."

మిగతాది అంబులెన్సు వాళ్ళు చెబితే తెలిసింది. నాలుగు రోజులుగా పక్క దిగని మనిషి నేల మీద పాకి, ఫోను అందుకుని, మళ్ళీ పాకి వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుందట. నేను శ్వాస పీల్చడం మరిచిపోయినప్పుడల్లా చెంప మీద ఒక్కటి ఇచ్చి, లెక్క పెట్టిందట. షెడ్డులో చిప్పలు లెక్కపెట్టిన గొంతుతోనే. వాళ్ళు లోపలికి వచ్చేసరికి రెండు వందలు దాటిందట. నా బుగ్గలు వారం దాకా నల్లగా కమిలి ఉన్నాయి. ఆ దెబ్బలు పడకపోతే నేను శ్వాస ఆపేసి ఉండేదాన్నని చెప్పారు.

ఆసుపత్రిలో ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద వేశారు. డాక్టర్ సొక్ వచ్చింది. మూడు మాత్రలకే చెల్లెలికి ఊపిరి ఆగబోవడం, అదే మందు మూడు నెలలు మింగిన అక్కకు కనీసం మలబద్ధకం కూడా లేకపోవడం ఆవిడకు వింతగా తోచింది. ఇద్దరి రక్తమూ తీయించి ఏదో పరీక్షకు పంపింది. పది రోజులకు కాగితాలు వచ్చాయి.

"మీ ఇద్దరి టైపులూ వేరు," అంది.

"మీరు తప్పు చూశారు," అన్నాను. "ఇద్దరమూ బి టైపే."

"కాదమ్మా, ఇందులో మీవి పూర్తిగా వేరు వేరు."

"బాగుంది! పైకి పోయాక మా అమ్మ అడిగితే ఏం చెప్పను? మా నాన్న అలాంటివాడు కాదు."

"మన అమ్మ కూడా కాదే, దరిద్రపుదానా," అంది అక్క పక్క మంచం మీంచి.

డాక్టరమ్మకు అప్పటికి అర్థమై నవ్వు ఆపుకుంది. "అయ్యో, రక్తం టైపు కాదమ్మా! జన్యువుల టైపు. ఒకే అమ్మానాన్నలకి పుట్టినా, వాళ్ళ దగ్గర్నించి ఒకరికి ఒకటి వస్తుంది, ఇంకొకరికి ఇంకోటి వస్తుంది. దానికీ బి టైపుకీ ఏ సంబంధమూ లేదు." కాగితం వెనక కాలేయం బొమ్మ గీసింది. "ఈ మాత్ర మింగేటప్పటికి మందు కాదు. కాలేయంలో దాన్ని మార్చేది ఒకటుంది. అది మారిస్తేనే మార్ఫిన్ అవుతుంది, అప్పుడే పనిచేస్తుంది."

అక్క కాసేపు ఆ బొమ్మ చూసింది. "అంటే చిప్పతో సహా మింగుతున్నాం. లోపల ఎవరో కూచుని ఒలవాలి."

"అదేనమ్మా! సరిగ్గా అదే!"

"నా లోపల?"

"మీ బల్ల దగ్గర దాదాపు ఎవరూ లేరమ్మా. చిప్పలు చిప్పల్లాగే బయటికి పోతున్నాయి."

"దీని లోపల?"

"ఇద్దరు ముగ్గురు ఒలిచేవాళ్ళున్నారు. ఒక్క మాత్ర మింగితే చాలు, మందంతా ఒక్కసారే రక్తంలో పడిపోతుంది. అందుకే దురద, వాంతి, నిద్ర. ఎక్కువైతే ఊపిరే ఆగుతుంది."

అక్క నడుము పట్టుకుని నవ్వింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నవ్వింది. "నలభై ఏళ్ళు నా పక్కన నిలబడి నేను మూడు ఒలిస్తే ఒకటి ఒలిచావు కదే! ఆ చేతులన్నీ లోపల దాచుకున్నావా, దొంగముండా!"

నేను కూడా నవ్వానేమో. సరిగ్గా గుర్తులేదు. మూడు నెలలు, మూడు నెలలు అని మాత్రం తలలో మోగుతోంది.

డాక్టర్ సొక్ మంచం అంచున కూచుంది. "ఇన్నాళ్ళూ మీకు నొప్పికి మందే అందలేదమ్మా. మరి నాకెందుకు మూడు అని చెప్పారు?"

"నువ్వు నాకు మనవరాలి ఈడు పిల్లవి. నీ ముందు పది అని ఏడుస్తామా? సిగ్గు లేదూ?"

"అసలు ఎంత ఉండేది?"

"దీనికి తెలుసు," అంది అక్క, గడ్డంతో నన్ను చూపించి.

డాక్టర్ నా వైపు చూసింది. గది బయట నేను అన్న మాటలు ఆవిడకు గుర్తొచ్చాయని ఆ చూపులోనే తెలిసింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది. నేను దుప్పటి అంచు మడత పెట్టాను, విప్పాను, మళ్ళీ మడత పెట్టాను. అక్క అబద్ధం చెప్పింది నిజమే, కానీ డాక్టర్‌కు చెప్పింది. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ నిజమే చెప్పింది.

ఆ సాయంత్రమే మందు మార్చారు. ఈసారి నేరుగా మార్ఫిన్. అక్క మాటల్లో చెప్పాలంటే ఒలిచిన మాంసం. గంట తర్వాత నర్సు అట్ట తెచ్చి ఎంత అని అడిగితే అక్క చాలాసేపు ఆలోచించింది. "రెండు," అంది. ఈసారి నిజమని దాని భుజాలు కిందికి దిగడం చూసి నమ్మాను. పదకొండు గంటలు పడుకుంది. ముక్కు మీద దురద పుట్టి నిద్రలోనే గోక్కుంది. నేను కుర్చీలో కూచుని దాని శ్వాస లెక్కపెట్టాను.

లేచి నన్ను చూసి, "ఏం చూస్తున్నావే? పీలుస్తూనే ఉన్నాన్లే," అంది. ముక్కు తడుముకుంది. "ఇప్పుడు నేనూ కోతినే."

నాకు ఒక కార్డు ఇచ్చారు, పర్సులో పెట్టుకోమని. ఈమెకు కోడీన్ ఇవ్వకూడదు, ప్రాణాపాయం అని దాని మీద ఉంది. అక్కకూ ఒకటిచ్చారు. దాన్ని దిండు కింద పెట్టుకుని, "బి టైపు అని ఎక్కడా రాయలేదే ఇందులో," అని గుమ్నెకు చూపించి ఎగతాళి చేసింది.

ఇంటికొచ్చాక రెండు నెలలకు పైన బతికింది. మందు డోసు పెంచుతూ పోయారు. మలబద్ధకానికి తిట్టుకునేది, మధ్యాహ్నాలు తూగేది, మేలుకున్నప్పుడు షెడ్డులో ఎవరు ఎన్ని ఒలిచారో అడిగేది. ఒకరోజు దాని కాళ్ళు తుడుస్తూ అన్నాను: "అక్కా, నేను నీ మాట నమ్మలేదు. నోరు తెరవమన్నాను. డాక్టరుతో కూడా..."

"తెలుసు. నర్సు చెప్పింది."

"తెలిసి ఊరుకున్నావా?"

"నువ్వు బి టైపువి కదే. ఎవరి మాట విన్నావు గనక!"

అంతకంటే ఎక్కువ క్షమాపణ మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మార్చి చివర్లో లేత మాచిపత్రి ఆకు బజారుకు వచ్చింది. చేప వేసి చారు కాచాను. మూడు చెంచాలు తాగి, ఉప్పు తక్కువైందంది. ఏప్రిల్ రెండో వారంలో, సీజను చివరి పడవలు వచ్చిన రోజు మధ్యాహ్నం, దాని శ్వాస మధ్య ఎడం పెరిగింది. నేను లెక్కపెడుతూ కూచున్నాను. నాలుగు వందల పదహారు దగ్గర ఆగింది. చెంప మీద కొట్టలేదు. డాక్టర్ వద్దని ముందే చెప్పింది.

ఆ తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను. వేసవంతా దాని పక్క ఎత్తలేదు, కదపలేదు. గుమ్నె వచ్చి ఏడవవే, ఏడిస్తే పోతుందే అని పోరేది. ఏడవకూడదని నాకేమీ పట్టుదల లేదు. రాలేదంతే.

అక్టోబరు పదిహేనున కొత్త సీజనుకు షెడ్డు తెరిచారు. గోడకు ఉన్న అలమరాలో అక్క అరలో కొత్త గ్లౌజుల జత ఒకటి ఉంది. పోయిన శీతాకాలంలో అదే కొని పెట్టుకుంది. కవరు ఒకవైపు చించి ఉంది. బల్ల దగ్గర నా చోటులో నిలబడి జతను విడదీశాను. కుడిది బల్ల మీద ఎడమవైపు పెట్టాను, అలవాటు కొద్దీ. ఎడమది తొడుక్కున్నాను. బొటనవేలు లోపలికి పోలేదు. ఏదో అడ్డుంది.

తీసి దులిపితే మందుల కవరు ముక్కలో చుట్టిన పొట్లం పడింది. అందులో పదకొండు మాత్రలు. ఏప్రన్ జేబులో నాకు దొరికింది పన్నెండోదన్నమాట. నేను ఆసుపత్రి పాలు కాకముందు దాచింది, తర్వాత మందు తూగులో మరిచిపోయి ఉంటుంది. కాగితం మీద అక్క ఎడమచేతి వంకర అక్షరాలు: 'పిల్నం మణికట్టుకి. నాకు పనిచెయ్యవు, నీకు పనిచేస్తాయి. ఒక్కటే మింగు.'

నా పర్సులో కార్డు ఉంది. నా చేతిలో పదకొండు మాత్రలున్నాయి. నోరు తెరువు, నాలుక ఎత్తు అని నేను వెతికింది వీటి కోసమే.

బల్ల అంచు పట్టుకున్నాను. అప్పుడు పుట్టింది నొప్పి, నడుము దగ్గర మొదలై పైకి. అక్కకు ఎక్కడ మొదలయ్యేదో సరిగ్గా అక్కడే.

"ఏమైందే పిల్నం?" అంది గుమ్నె, కత్తి ఆపి.

"పది," అన్నాను.

"ఏంటి పది? ఇంకా ఒక్కటీ ఒలవలేదు కదే!"

"పది," అన్నాను మళ్ళీ.